సెప్పు అనే ఫైలు

తెర మీద ఒకే లైను. ఇంగ్లీషులో ఉంది. తెలుగులో చెప్పాలంటే, "సెప్పు: ఈ పని రాసి ఉన్న ఫైలు దొరకలేదు." దాని కింద మళ్లీ అదే లైను. దాని కింద మళ్లీ అదే. వేలు పెట్టి లెక్కపెట్టాను, పదకొండు. పదకొండుమందికి వెళ్లాల్సిన ఫోన్లు పదకొండూ వెళ్లలేదు. జాబితాలో ఏడో పేరు మా బావది.

పక్కన నిలబడిన, ఆ కంప్యూటరు చూసుకునే ఆవిడ "ఏటక్కా, ఏటైనాది" అని అడుగుతోంది. ఏం చెప్పను? ఆ ఫైలు ఎందుకు దొరకలేదో ఈ భూమ్మీద నాకొక్కదానికే తెలుసు. నిలువునా నీరైపోవడం అంటారే, అది మాటవరసకి అంటారనుకునేదాన్ని అంతవరకూ.

బావ అంటే మా అక్క మొగుడు. కంచిలి నుంచి సముద్రం వైపు వెళ్లే దారిలో ఊరు. కొబ్బరితోట, కాస్త జీడిమామిడి, తినడానికి సరిపడా వరి. మూడేళ్లుగా సోమవారం, గురువారం పలాస వచ్చి మిషనెక్కుతాడు. ఉద్దానంలో మిషనెక్కడం అంటే రక్తం శుద్ధి చేయించుకోవడం, డయాలిసిస్. మా వైపు ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. పొద్దుటి బస్సులో ఇద్దరు ముగ్గురు ఉండనే ఉంటారు, చేతి మీద ఉబ్బిన నరాన్ని కండువాతో కప్పుకుని.

తోట నిండా బొండాలున్న మనిషిని గుక్కెడు కొబ్బరినీళ్లు తాగొద్దన్నాడు డాక్టరు. బావ దాన్ని కూడా నవ్వులాటే చేసుకున్నాడు. "ఇదేటి రోగం మరదలా, పక్కోడికి బొండాం కొట్టిచ్చి నాను సూస్తా కూకోవాలంట" అనేవాడు. రోగం రాకముందు చుట్టుపక్కల ఏ జాతర చాటింపుకైనా, ఏ కళ్లజోళ్ల క్యాంపుకైనా ఆటోలో మైకు పట్టుకుని తిరిగేది ఆయనే. ఆ గొంతు తెలియని ఊరు ఆ వైపు లేదు.

ఇక నా సంగతి. టెక్కలిలో ఒక కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెబుతాను. కోపం ముక్కు మీదే ఉంటుంది. దానికి తోడు ఒక జబ్బు, తప్పు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. పెళ్లి శుభలేఖలో అచ్చుతప్పు కనిపిస్తే పెన్ను తీసి దిద్ది గానీ బీరువాలో పెట్టను. ఈ జబ్బు ఎక్కడ అంటుకుందో కూడా తెలుసు. పదిహేడేళ్లప్పుడు విశాఖపట్నంలో హాస్టల్లో చేరాను. మొదటిరోజు గదిలో పిల్లల్ని "ఏటి సేత్తన్నారు" అని అడిగాను. గది గదంతా పడీ పడీ నవ్వింది. సాయంత్రానికి మెస్సులో కూడా నన్ను చూడగానే "ఏటి సేత్తన్నావు" అనడం మొదలుపెట్టారు. దుప్పటి ముసుగేసుకుని ఏడ్చి, ఆర్నెల్లలో నా నోట్లో ఉన్న ప్రతి 'స'నీ 'చ' చేసేశాను. 'నాను' పోయి 'నేను' వచ్చింది. సెలవులకి ఇంటికెళ్లి అందర్నీ దిద్దడం మొదలుపెట్టాను.

బావ ఊరుకుంటాడా. "మా మరదలు రేడియోలో వార్తలు సదివినట్టు మాటాడతాది. కూరలో ఉప్పు నేదని సెప్పడానికి కూడా వార్తలే" అని పదిమందిలో ఆటపట్టించేవాడు. సదవడం కాదు, చదవడం అనేదాన్ని నేను. "అలగే, సదువుతాను" అనేవాడు. అక్క పమిట కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది. ముప్పై ఏళ్లుగా మా ఇద్దరికీ ఇదే తగువు.

పలాసలో బావ వెళ్లే డయాలిసిస్ కేంద్రం చిన్నది. అక్కడ రికార్డులు రాసే ఆవిడది మందస. నాకంటే పదేళ్లు చిన్న, నన్ను అక్కా అంటుంది. ఎవరి వంతు ఎప్పుడో పుస్తకంలో రాసీ కొట్టేసీ అవస్థ పడుతుంటే చూడలేక, రెండేళ్ల క్రితం వాళ్ల పాత కంప్యూటర్లో లినక్స్ వేసి, షెల్‌లో కొన్ని చిన్న ప్రోగ్రాములు రాసిచ్చాను. షెల్ అంటే మనం ఒక్కో మాట టైపు చేస్తే కంప్యూటరు ఆ పని చేసిపెట్టే చోటు. దాని భాషని స్క్రిప్టింగ్ భాష అంటారు.

ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, ఇది తెలియకపోతే తర్వాతది తెలియదు. ఒక్కో పనినీ ఫంక్షన్ అంటాం. ఒక్కో ఫంక్షన్‌నీ ఒక్కో ఫైల్లో రాసి, పని పేరే ఫైలుకి పెడతాం. పొద్దున్న షెల్ తెరవగానే ఇవన్నీ చదివేసుకోదు. ఒక జాబితాలో ఉన్న పేర్లు మాత్రం గుర్తుపెట్టుకుంటుంది. ఎవరైనా ఆ పేరు పిలిచినప్పుడే వెళ్లి, అచ్చంగా అదే పేరున్న ఫైలు వెతికి, చదివి, పని చేస్తుంది. పిలవకపోతే ఆ ఫైలు జోలికే పోదు. ఆటోలోడ్ అంటారు దీన్ని. పెళ్లికి వాడే పెద్ద గంగాళాన్ని అటక మీద పెట్టుకుని, అవసరమైనప్పుడే దించుకున్నట్టు. క్లాసులో దీని గురించి మహా మురిపెంగా చెప్పేదాన్ని. ముందే అన్నీ మొయ్యక్కర్లేదు, పాత కంప్యూటరు కూడా చురుగ్గా లేస్తుంది అని. పిలిచేదాకా ఆ ఫైలు ఉందో లేదో కూడా చూసుకోదు అన్న ముక్క కూడా చెప్పేదాన్నే, పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నకి సరిపోయేంత.

పనులకి నీకు గుర్తుండే పేర్లు పెట్టుకోమన్నాను ఆవిడతో. ఆవిడ ఇంగ్లీషు అక్షరాల్లో తన నోటికొచ్చినట్టే పెట్టుకుంది. సూడు అంటే ఆ రోజు జాబితా కనిపిస్తుంది. రాయి అంటే వచ్చినవాళ్ల పేరు ఎక్కుతుంది. మార్సు అంటే ఒకరి వంతు ఇంకో రోజుకో ఇంకో కేంద్రానికో మారుతుంది. నాలుగోది సెప్పు. కేంద్రంలో నీళ్ల ప్లాంటు పాడైతే మిషన్లన్నీ ఆగిపోతాయి. అప్పుడు మార్సులో అందర్నీ టెక్కలి కేంద్రానికి మారిస్తే, అది ఒక్కో పేరుకీ ఒకసారి సెప్పుని పిలుస్తుంది. సెప్పు ఆ మనిషికి ఫోన్ చేసి, రికార్డు చేసిన మాట వినిపిస్తుంది.

ఆ మాట నేనే మంచి తెలుగులో చదివి రికార్డు చేస్తానన్నాను. మందసావిడ తల అడ్డంగా ఊపింది. "నీ గొంతు ఇంటే బేంకోలనుకుని ఫోను పెట్టేత్తారక్కా" అంది. మూతి ముడుచుకున్నాను. ఆ పూట మిషన్ దిగిన బావని కుర్చీలో కూర్చోబెట్టి ఆవిడే రికార్డు చేయించింది. కాయితం అక్కర్లేదన్నాడు బావ, మైకు పట్టిన మనిషి కదా. "బావా, మావా, అప్పా, అమ్మా, ఇనండి. రేపు పలాస రాకండి. మిసను పాడైనాది. టెక్కలి ఎల్లండి, ఆడ మీకు సోటుంది. నాను సెప్తన్నాను, బేగి ఎల్లండి." ఒక్కసారికే అయిపోయింది. రోగులందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం 'చోటుంది' అంటే బాగుండేది అన్నాను.

రెండేళ్లలో నీళ్ల ప్లాంటు ఒక్కసారీ పాడవలేదు. సెప్పుని ఎవరూ పిలవలేదు.

ఈ వేసవిలో మా కాలేజీ పిల్లలు నలుగురు ప్రాజెక్టు పని మీద ఆ కేంద్రానికి వస్తామన్నారు, నేను రాసిన ప్రోగ్రాములు చూస్తారట. ముందురోజు సరిచూసుకుందామని పలాస వెళ్లాను. ఫోల్డరు తెరిచాను. సూడు, మార్సు, సెప్పు. నా పిల్లల ముందు, బోర్డంత తెర మీద, నేను రాసిన ప్రోగ్రాములో. వాళ్లెవరూ నవ్వి ఉండేవాళ్లు కాదు, ఆ పిల్లల ఇళ్లలోనూ సూడు అనే అంటారు. అయినా నా బుద్ధి గడ్డి తింది. హాస్టలు గది కళ్లముందుకొచ్చింది, చెవులు వేడెక్కాయి. అక్కడికక్కడే ఫైళ్ల పేర్లు దిద్దడం మొదలుపెట్టాను. ఎస్ అక్షరం కొట్టేసి సీ హెచ్ పెట్టాను. సూడు చూడు అయింది, మార్సు మార్చు అయింది, సెప్పు చెప్పు అయింది.

మందసావిడ వెనకనుంచి చూస్తోంది. "చెప్పంటే కాలికేసుకునీదనుకుంటారక్కా" అంది నవ్వుతూ. నీకేం తెలుసు ఊరుకోమన్నాను.

పేర్లు మార్చాక ఒక్కోదాన్నీ పిలిచి చూశాను. చూడు పిలిస్తే అలాంటి పేరే తెలీదంది, జాబితాలో ఇంకా సూడు అనే ఉంది కదా. జాబితాలో దిద్దాను. మార్చు కూడా అలాగే అరిచింది, అదీ దిద్దాను. అరిచినవాటన్నిటినీ దిద్దాను. సెప్పుని మాత్రం పిలవలేదు. పిలిస్తే రోగుల ఫోన్లు మోగుతాయి, ఉన్నపళంగా వాళ్లని కంగారు పెట్టడం ఎందుకులే అనుకున్నాను. పిలవలేదు గనక అది అరవలేదు. అరవలేదు గనక దాని సంగతి మర్చిపోయాను. జాబితాలో సెప్పు అలాగే ఉండిపోయింది. మార్చు లోపల కూడా సెప్పుని పిలవమనే ఉంది. ఫైలు మాత్రం చెప్పు.

ఇంకొక ఘనకార్యం కూడా నాదే. తెర మీద ఇంగ్లీషు లైన్లు కనిపిస్తే నర్సులు బెదిరిపోతున్నారని, పని మొదలయ్యాక లోపల వచ్చే తప్పులన్నీ ఎవరూ తెరవని ఒక ఫైల్లోకి పోయేలా ఎప్పుడో రాసిపెట్టాను. తెర మీద చివర్న "పని పూర్తయినది" అని మాత్రం వస్తుంది. పని పూర్తయినా అదే వస్తుంది, కాకపోయినా అదే వస్తుంది. మర్నాడు పిల్లలొచ్చి చూసి, బాగుంది మేడమ్ అని వెళ్లారు.

వానలు మొదలయ్యాక ఒక బుధవారం మధ్యాహ్నం నీళ్ల ప్లాంటు ఆగిపోయింది. మందసావిడ గురువారం వంతు వాళ్లందర్నీ టెక్కలికి మార్చింది. తెర మీద "పని పూర్తయినది" అని వచ్చింది. ఆవిడ తలుపు మీద కాయితం అంటించి, ప్లాంటు బాగుచేసేవాళ్ల వెంట తిరగడానికి వెళ్లిపోయింది.

గురువారం అందరికంటే ముందు పలాసలో దిగింది మా బావే. ఆయనకి ఫస్టు బస్సు తప్ప వేరే బస్సు ఆనదు. గేటుకి తాళం. తలుపు మీద కాయితం ఉంది గానీ కళ్లజోడు తేలేదు. తెచ్చినా అందులో "యంత్రముల మరమ్మతు నిమిత్తము" అని ఉంటే ఆయనకి ఏం అర్థమవుతుంది. ఆ వాక్యం కూడా ఎప్పుడో నేను రాసిచ్చిన నమూనాయే. బావ ఎదురుగా టీ కొట్టు బల్ల మీద కాసేపు కూర్చున్నాడు. మిషన్ పాడైతే ఫోన్ రావాలి, అందులో తన గొంతే తనకి వినబడాలి, అది రాలేదు. అంటే మిషన్ బాగానే ఉంది, ఇవాళ ఏదో సెలవు అనుకున్నాడు. తర్వాత వచ్చినవాళ్లు కాయితం చదువుకుని, ఒకరినొకరు పిలుచుకుని ఆటోల్లో టెక్కలి వెళ్లేసరికి, మా బావ కంచిలి బస్సెక్కేశాడు. ఇంటికెళ్లి "ఈయాల సెలవంట, సోమోరం రమ్మన్నారు" అని అక్కతో చెప్పాడు. రమ్మని ఎవరూ అనలేదు. అక్క కంగారు పడుతుందని ఆ ముక్క కలిపాడు.

టెక్కలి కేంద్రంలో ఆ రోజు రెండు ఊళ్ల జనం. వచ్చినవాళ్లని మిషనెక్కించడానికే వాళ్లకి తలకి మించిన పని, రానివాడి పేరు ఎవరు పట్టించుకుంటారు.

శనివారం పొద్దున్న క్లాసులో ఉన్నాను. అక్క ఫోన్. క్లాసులో ఉంటే తను ఫోన్ చెయ్యదు. ఎత్తగానే "మీ బావకి ఊపిరాడ్డం నేదే. ఒల్లంతా నీరే. బండిలో టెక్కలి తెస్తన్నాం, నువ్వు బేగి రా" అంది. సుద్దముక్క చేతిలో పట్టుకునే పరుగెత్తాను. ఆసుపత్రి మెట్ల దగ్గర చూసుకుంటే ఇంకా చేతిలోనే ఉంది.

బండిలోంచి దించుతుంటే గుర్తుపట్టలేకపోయాను. ముఖం ఉబ్బిపోయి, కళ్లు చిన్న గీతల్లా. ఊపిరికోసం మెడ ముందుకి చాపి, నోరు తెరిచి పెట్టేశాడు. నన్ను చూశాడు గానీ ఏమీ అనలేదు. నన్ను చూసి ఏదో ఒకటి అనకుండా ఉండటం ముప్పై ఏళ్లలో అదే మొదటిసారి. లోపలికి తీసుకెళ్లి మిషనెక్కించారు. డాక్టరు బయటికి వచ్చి, పలాసలో మిషన్లు ఆగి అందర్నీ ఇక్కడికి మారిస్తే గురువారం ఎందుకు రాలేదని అడిగాడు. ఇంకొక పూట ఇంట్లో ఉంచి ఉంటే తీసుకొచ్చి లాభం ఉండేది కాదన్నాడు. చాలా మామూలుగా అన్నాడు. అక్క గోడ పట్టుకుని కిందకి జారి కూర్చుండిపోయింది.

తేరుకున్నాక అక్క నోరు ఊరుకోలేదు. "ఆ మందస మనిసి ఒక్క ఫోను సేత్తే ఏటి పోనాది దానికి. సోమోరం మా ఊరోలందర్నీ ఏసుకెల్తాను. దాన్ని ఆ కుర్సీలోంచి నేపకపోతే అడుగు" అంది. నేను తక్కువ తిన్నానా. అక్కడే వరండాలో నిలబడి మందసావిడకి ఫోన్ చేసి, నోటికొచ్చినట్టు తిట్టాను. మనుషుల ప్రాణాలంటే అంత లోకువైపోయిందా అన్నాను. చదువుకున్నదానివేనా అన్నాను. వరండాలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. ఆవిడ ఏడుస్తూ ఒకటే మాట అంది. "నాను సేసినానక్కా. పూర్తయినాది అని వచ్చినాది. నువ్వే వచ్చి సూసుకో."

అబద్ధమాడుతోందని రుజువు చెయ్యడానికే మధ్యాహ్నం పలాస బస్సెక్కాను. ఆ కోపం ఎంత హాయిగా ఉందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. పలాసలో దిగి, జీడి పిక్కలు కాల్చే పొగ వాసనలోంచి ఆ కేంద్రానికి నడిచాను. ఆవిడ కళ్లు వాచి ఉన్నాయి. కుర్చీ ఖాళీ చేసింది. తప్పులు పోయే ఫైలు తెరిచాను.

పదకొండు లైన్లు.

ఫోల్డరులోకి వెళ్లి చూశాను. చెప్పు ఉంది, నిక్షేపంగా ఉంది. సెప్పు లేదు. వేసవి నుంచి లేదు. నాలుగు నెలలుగా ఆ కంప్యూటరు ప్రతి పొద్దున్నా జాబితాలో సెప్పు అన్న పేరు చూసి, ఉందనుకుని, ఊరుకుంది. ఆ పదకొండుమందిలో ఎవరూ ఫోన్ వస్తుందన్న ధీమా మానుకోలేదు. నేను కూడా ఉందనే అనుకున్నాను.

"ఏటక్కా" అంది మందసావిడ మళ్లీ.

ఫైలు పేరు ఆవిడకి చూపించాను. చూసింది. నా వైపు చూసింది. ఆవిడకి అర్థమైందని నాకు తెలిసింది. తిట్టొచ్చు, పొద్దున్న నేను తిట్టినదంతా వడ్డీతో తిరిగివ్వొచ్చు. ఆవిడ పక్కన ఉన్న స్టూలు లాక్కుని నెమ్మదిగా కూర్చుంది, అంతే. రెండుసార్లు తప్పు కొట్టి, మూడోసారి ఫైలుకి పాత పేరు పెట్టాను. ఎస్‌తో సెప్పు. రోగుల నంబర్లేవీ ఇవ్వకుండా, నా నంబరు ఒక్కటే ఇచ్చి పిలిచాను.

ఒళ్లో ఉన్న సంచిలో ఫోన్ మోగింది. ఎత్తాను. "బావా, మావా, అప్పా, అమ్మా, ఇనండి" అన్నాడు బావ. రెండేళ్ల క్రితం బావ, గొంతు నిండా ఊపిరి ఉన్న బావ. "టెక్కలి ఎల్లండి, ఆడ మీకు సోటుంది. నాను సెప్తన్నాను, బేగి ఎల్లండి." ఆ మాట అయిపోయి ఫోన్ ఆగిపోయింది. నేను చెవి దగ్గర్నుంచి తియ్యలేదు. ఒక్క అక్షరం. ఈ గొంతుకి అడ్డంగా నేను పెట్టింది ఒక్క అక్షరం. మనిషిని చంపడానికి అంత చాలునా అని బుర్ర అడుగుతూనే ఉంది, చాలు అని ఇంకా ఎక్కడో ఏదో అంటూనే ఉంది.

మందసావిడ నీళ్లు తెచ్చి ఇచ్చింది. "మా అక్కతో నేను మాట్లాడతాను" అన్నాను.

టెక్కలి తిరిగొచ్చే బస్సులో చెప్పాల్సింది సిద్ధం చేసుకున్నాను. ఒక సాంకేతికమైన పొరపాటు జరిగింది. ఫైలు పేరులో తేడా రావడం వల్ల సమాచారం అందలేదు. ఇకముందు ఇలా జరగకుండా చర్యలు తీసుకోవడం జరిగింది. వాక్యాలు చక్కగా కుదిరాయి. ఎక్కడా ఒక్క మనిషి లేడు వాటిలో. దిగేసరికి నోటికొచ్చేసింది.

బావ మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మూతికి మాస్కు. ముఖం వాపు కొంచెం తీసింది, కళ్లు కనబడుతున్నాయి. అక్క ఫ్లాస్కు కడగడానికి బయటికి వెళ్లిందట. నన్ను చూసి చేత్తో మాస్కు కిందకి లాగాడు.

"పలాస ఎల్లినావంట. ఆ మందసావిడ నన్నెలగ మరిసిపోనాదో అడిగినావా" అన్నాడు. ఒక్కో మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు. "టీ కొట్టు కాడ కూకుని సూస్తనే ఉన్నాను. నా గొంతు నాకే సెప్తాది గదా అని."

నోరు తెరిచాను. బస్సులో కుదిర్చిన వాక్యాలు ఒక్కటీ రాలేదు.

"ఆవిడ కాదు బావా. నానే సేసినాను."

బావ నా ముఖం చూస్తున్నాడు.

"నీ గొంతున్న ఫైలుకి పేరు మార్సీసినాను. సెప్పు అనుంటే నాకు సిగ్గేసినాది. మా పిల్లలు సూత్తారని మార్సీసినాను. మల్లా సూసుకోనేదు. అందుకే నీకు ఫోను రానేదు. నానే బావా."

ఆ మాటలు నా నోట్లోంచే వచ్చాయని నాకు కాస్త ఆలస్యంగా తెలిసింది. ఎక్కడున్నాయో ఇన్నాళ్లూ. దిద్దుకోబోయాను, నాలుక తిరగలేదు.

"సిగ్గేసినాదా" అన్నాడు బావ.

అడిగినట్టు లేదు. ఊరికే ఆ మాట మళ్లీ అన్నట్టుంది. తిడితే బాగుండేది. చెయ్యెత్తి కొట్టినా బాగుండేది. ఆయన తల తిప్పి, తన చేతి మీద ఉబ్బిన నరం దగ్గర అంటించిన పట్టీని చూసుకుంటూ ఉండిపోయాడు. పక్క మంచం మీద ముసలాయనకి ఎవరో నారింజ తొనలు ఒలిచి పెడుతున్నారు. మాస్కులోంచి గాలి వృథాగా పోతున్న చప్పుడు వినబడుతోంది.

"పేనం పోయీది మరదలా" అన్నాడు.

"అవును" అన్నాను.

"కొబ్బరినీల్లు తాగి సచ్చిపోయినా బాగున్ను. ఒక్క 'స' అచ్చరానికి సచ్చిపోనాడంటే మా ఊల్లో నవ్వుతారు."

అది నవ్వులాటేనో కాదో నాకు తెలియలేదు. ఆయన నవ్వలేదు. నేను మంచం పట్టె పట్టుకుని ఏడ్చాను. ఆపలేదాయన. అలసిపోయి మాస్కు మళ్లీ పెట్టుకున్నాడు, కళ్లు మూసుకున్నాడు. నిద్రపట్టిందేమోనని లేవబోతుంటే మళ్లీ కిందకి లాగాడు.

"మీ అక్క ఆ మందస మనిసిని తిడతానే ఉంది. దానికి కూడా పిల్లలున్నారు" అన్నాడు. "ఎల్లి మీ అక్కకి సెప్పు."

వరండాలోకి వచ్చాను. అక్క బెంచీ మీద కూర్చుని, పక్కనున్న ఎవరికో మందసావిడ సంగతి మొదట్నుంచీ చెబుతోంది, సోమవారం ఎంతమందిని తీసుకెళ్లబోతోందో కూడా. మొగుడి చొక్కా మడత పెట్టి ఒళ్లో పెట్టుకుంది. నన్ను చూసి ఆగింది.

"ఏటే, ఏటంటన్నాడు మీ బావ?"

"నీకొక మాట సెప్పమన్నాడు" అన్నాను.

తన నోటి మాట నా నోట్లో విని అక్క నా వైపు తేరిపార చూసింది. పక్కకి జరిగి చోటిచ్చింది. కూర్చున్నాను.

"సెప్పు" అంది అక్క.